ఏలుమలై మాస్టర్ చెవి

"అవ్వా, నిన్న ఏలుమలై మాస్టర్ని ఎత్తేటప్పుడు నువ్వు పాడినావే, అది పెండ్లి పాట కదా? సావింట్లో పెండ్లి పాట ఎందుకు పాడినావు?"

ఏందే జ్యోతీ, ఫోను ముందర పెట్టి అడుగుతా ఉండావా? పెట్టు, పెట్టు. ఆ మనిషి ముందర పాడిన నోరు ఇది, నీ ఫోనుకి జంకుతానా. ఇట్ట వచ్చి కూర్చో. నన్ను కాళ్లు చాపుకోనీ. నిన్న అంతసేపు నిలబడినానా, మోకాళ్లు ఈ పొద్దు నా మాట వినడంలా.

పెండ్లి పాటే అది. బిడ్డని అత్తింటికి పంపేటప్పుడు పాడేది, అప్పగింతల పాట. తెలిసే పాడినా. తెలీక పాడేదానికి నాకేమన్నా మతి పోయిందా? అయితే ఎందుకు పాడినానో చెప్పాలంటే ఆయన ఎవరో నీకు తెలియాల. నీకు తెలిసింది మందుల సంచి పట్టుకోని గోడవార మెల్లంగా నడిచే ముసలాయన, అంతే కదా. మేము చూసిన మనిషి వేరే. అబ్బ, ఆ మనిషి వేరేలే.

క్లారినెట్టు వాయించేవాడు. వాళ్ల నాయన కూడా వాయించేవాడంట, మన ఊరు ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండే కాలంలో, బ్యాండులో. కోవిల్లో ఉత్సవమైనా ఈయనే, చర్చిలో మాతా పండగైనా ఈయనే. పెండ్లి ఊరేగింపులో ఆయన వాయిస్తా వస్తే, పొయ్యి మీద పాలు పెట్టిన ఆడోళ్లు కూడా బయటికి వచ్చి నిలబడేవాళ్లు. నేను రెండు తూర్లు పాలు పొంగబెట్టి మా అత్త చేత తిట్లు తిన్నా. అప్పుడు పాలు ఎట్టుండేవి అనుకున్నావు, గేదె పాలు, ఇంటి ముందరే పిండి... సరే, అది పోనీ. ఏం చెప్తా ఉండా? ఆ, క్లారినెట్టు.

అప్పురం, కొన్నేండ్లకి, ఆయనకి ఏం తోచిందో, కేసెట్లు కొత్తగా వచ్చిన కాలంలో, మన వీధి చివర బియ్యం అంగడి మిద్దె మీద ఒక గది తీసుకోని రికార్డింగు పెట్టినాడు. పెండ్లాం మెడలో ఉండేది కూడా దాంట్లోకే పోయిందని వీధంతా చెప్పుకున్నారు. ఆ గది చూడాల నువ్వు. గోడలకంతా గోనెసంచులు. సంచుల్లో ఏముండేదో తెల్సునా? మిల్లు దూది. మీ తాత మిల్లులో పని చేసేవాడు కదా, నూలు తీసినాక అడుగున చెత్త దూది మిగులుతాది, వేస్టు అనేవాళ్లు. అది మూటలు మూటలు కొనుక్కోని పోయి, సంచుల్లో కుక్కి, మేకులు కొట్టి గోడలకి తగిలించినాడు. పాడిన శబ్దం గోడకి కొట్టుకోని వెనక్కి రాకూడదంట. నేను మొదటిసారి ఆ గదిలోకి పోయి తలుపేసినాక, నా ఊపిరి నాకే వినపడింది.

అందురినీ పాడించినాడు. వైతికుప్పం జాలర్లు వల లాగేటప్పుడు పాడతారే, ఆ పాట కేసెట్లో పట్టినాడు. సావింట్లో ఏడ్చి పాడే ఒప్పారి ఆడోళ్లని పిలిపించి వాళ్ల పాటా పట్టినాడు. పెద్ద పెద్ద పాటగాళ్లు మెడ్రాసులో ఉండారు కదా, వీళ్లని ఎవురు వింటారు మాస్టర్ అంటే, "నేను వింటా ఉండానే" అనేవాడు.

అట్టుండగా ఒకనాడు మన ఇంటికి వచ్చి, మీ ఆడోళ్లు కల్యాణాల్లో తెలుంగు పాటలు పాడతారే, ఒక కేసెట్టు చేద్దామా అని అడిగినాడు. ఆయనకి తెలుగు రాదు, జ్యోతీ. ఒక్క ముక్క రాదు. "బాగుండారా" అంటే నవ్వి తల ఊపేవాడు, అంతే. ఈ సంగతి మర్చిపోవద్దు, దీంట్లోనే ఉంది అంతా.

మేము పోయినాము. నేను, మా ఆడబిడ్డ కమల, అదే మీ తాత చెల్లెలు, నువ్వు చూసినావు కదా చిన్నప్పుడు, వీధిలో ఇంకొందురు. మా అత్త ఊరికే చూస్తానని వెంట వచ్చింది. పోంగానే మొదటి గొడవ గాజులతో. చెయ్యి కదిలితే గల్లుమంటాయి, తీసిపెట్టండమ్మా అన్నాడు. మొగుడు బతికుండగా గాజులు తీసేది ఎట్ట? ఎవురూ ఒప్పుకోలా. ఇంకొకడైతే విసుక్కోని పొమ్మనేవాడు. ఈయన కిందికి దిగిపోయి, తువ్వాళ్లు తడిపి తెచ్చి, మా చేతులకి చుట్టుకోమని ఇచ్చినాడు. చేతులు విరిగిన వాళ్ల మాదిరి అందురమూ కట్లు కట్టుకోని కూర్చున్నాము. నవ్వలేక చచ్చినాము పో.

మా కమల చేతిలో కాయితం ఉండేది. మనోళ్లకి తెలుగు మాట్లాడను వస్తాది గానీ రాయను రాదు కదా. ఎవురో ఎప్పుడో మన పాటలన్నీ అరవం అక్షరాల్లో రాసి పెట్టినారు. చేతులు మారి మారి అదే అన్ని ఇండ్లకీ వచ్చింది. అది చూసే పాడేది అందురూ. మా అత్తకి అరవం చదవను రాదు, తెలుగు చదవను రాదు, ఏ అక్షరమూ రాదు. అరియాంకుప్పం అవతల సేద్యం ఇంట్లో పుట్టినామె, వాళ్లమ్మ నోట విన్నది విన్నట్టు పాడేది. పండ్లన్నీ పోయినాయి అప్పటికి. కమల ముందుగానే చెప్పేసింది, "అమ్మా, నువ్వు నోరు తెరవద్దు, పండ్లు లేక నీకు మాట వేరేగా వస్తాది, కేసెట్టు పాడైపోతాది" అని. ముసలామె మూలన కూర్చోని కొంగు మడతలు పెట్టుకుంటా ఉండింది. పాటంటే ప్రాణం ఆమెకి. ఆ మొహం నాకు ఇప్పటికీ కండ్ల ముందర ఉంది. కోడల్ని, నేనేం చెప్పగలను అప్పుడు?

మాస్టర్ అది చూసినాడు. "పాట్టీ, మైకు బాగుందో లేదో చూడాల, నువ్వొక పాట అను. ట్రయలే, పట్టడంలా" అన్నాడు. మనం అవ్వా అన్నట్టు పాట్టీ అనేవాడు. ఆయన మాయ అదీ! ఎవురినైనా ట్రయలు అనే పాడించేవాడు. మనిషి భయం లేకుండా హాయిగా పాడేది అప్పుడే కదా. మిషను అప్పటికే తిరుగుతా ఉంటాది. అప్పురం "ఇప్పుడు నిజంగా పట్టుకుంటా" అని ఎర్ర లైటు వేసేవాడు చూడు, అప్పుడు మిషనే ఆడేది కాదంట! ఆ ఎర్ర లైటు సంగతి మాకు ఎన్నో ఏండ్లకి తెలిసింది.

మా అత్త పాట ఎత్తుకునింది.

"గాదె నిండిన ఇల్లు, కన్నె, నీ కాపురం,
పాలు పొంగిన ఇల్లు, పాప, నీ కాపురం."

ఆయన కండ్లు మూసుకోని విన్నాడు. మళ్లా పాడించినాడు. మళ్లా ఒక తూరి. అప్పురం కమలని అదే పాట పాడమన్నాడు. పాడింది. రెండూ తిప్పి తిప్పి విన్నాడు. మాకేం అర్థం కాలా, ఏం మునిగిపోయిందో అని చూస్తా ఉండాము. చివరికి అరవంలో అన్నాడు, "అమ్మా, నువ్వు మొదట అనే మాట వేరే, పాట్టి అనే మాట వేరే."

"పండ్లు లేవు మాస్టర్. క అనబోయి గ అంటాది" అనింది కమల.

ఆయన మళ్లా మిషను తిప్పి వినిపించినాడు. "అట్టయితే ఈ కన్నె ఎట్ట సరిగ్గా వచ్చింది? ఈ కాపురం ఎట్ట వచ్చింది? పండ్లు పోతే అన్ని మాటలకీ పోవాల. ఒక్క మాటకే పోతాయా? పాట్టి తప్పు పాడలా. ఆమె పాడేది వేరే మాట. అదేందో అడగండి."

జ్యోతీ, చూడు. మాది ఆ భాష. పుట్టినప్పటి నుంచి ఆ పాట వింటా ఉండాము. మాలో ఒక్కరికి వినపళ్లా. భాష రాని మనిషికి వినపడింది! దేవుడు ఆ చెవుల్ని ఏ మట్టితో చేసినాడో నాకు తెలీదు.

అడిగినాము. మా అత్త మమ్మల్ని పిచ్చోళ్లని చూసినట్టు చూసింది. "ఏందే, గాదె తెలీదా మీకు? వడ్లు పోసే గాదె! వెదురుతో అల్లి, పేడ మెత్తి, మనిషెత్తున ఉంటాది. మా ఇంట్లో ఉండింది" అని రెండు చేతులూ చాపి చూపించింది.

అరవంలో కకీ గకీ అక్షరం ఒకటే కదా, అమ్మీ. కాయితంలో రాసినోళ్లు గాదె అనే రాసి ఉంటారు. టౌనులో పుట్టినోళ్లకి గాదె ఏం తెలుసు, యాడ చూసినారు? కాదే అని చదువుకున్నారు. "కాదే నిండిన ఇల్లు, కన్నె, నీ కాపురం." అంటే ఏంది? నువ్వు పోయేది నిండిన ఇల్లు కాదే పిల్లా అని! దీవించి పంపాల్సిన పాటని, అర్థం తలకిందులు చేసేసి, ప్రతి పెండ్లిలో ఏడుపు రాగం తీసి పాడతా ఉండాము. నా పెండ్లిలో కూడా అదే పాడినారు. నేను ఎంత ఏడిచినానో! నా సొంత మనుషులే చెప్తా ఉండారే, ఈ ఇంట్లో తినను కూడు కూడా ఉండదేమో అనుకున్నా. వచ్చి చూస్తే, ఆ మహాతల్లి నాకు కడుపు పగిలేదాకా పెట్టింది.

ముందు కమలే నవ్వింది. నవ్వి నవ్వి, అట్నే వాళ్లమ్మని పట్టుకోని ఏడ్చేసింది. మా అత్త, "మీరంతా గాదె అనే అంటా ఉండారు అనుకున్నానే నేను" అనింది. చెవుడు కూడా ఉండేదిలే కొంచెం. మాస్టర్ ఒక మూలన నిలబడి, చేతులు కట్టుకోని మమ్మల్ని చూస్తా ఉండాడు. ఆయన కండ్లల్లో కూడా నీళ్లు.

కేసెట్టు వచ్చినాక ఇంట్లో అందురమూ చుట్టూ కూర్చోని పెట్టుకున్నాము. ఆ పాట మా అత్త గొంతులోనే ఉంది, ఒక్కటే గొంతు, ట్రయలు పాట. చివర్న దగ్గు ఉంది, "ఏమబ్బా, మైకు బాగుందా?" అని అడిగింది కూడా ఉంది. ఏదీ తీసెయ్యలా ఆయన. ఆ పొద్దు మిషన్లో తిప్పినప్పుడు ముసలామెకి చెవుడుతో సరిగ్గా వినపళ్లా, తన గొంతు తాను ఎప్పుడూ విని ఎరగదు కదా, చెవి దగ్గర పెట్టుకోని వినింది. విని, "ఎవురే ఈమె, బాగా పాడతా ఉంది" అనింది. అట్టడిగింది మీ ముత్తవ్వ. నువ్వే అమ్మా అంటే నమ్మలా. ఆ తర్వాత ఏ పెండ్లిలో అయినా ముందు వరసలో కూర్చోబెట్టి ఆమె చేతే పాడించినారు, పోయేదాకా.

ఇంక నిన్న. నిన్న సంగతి నువ్వూ చూసినావు, అయినా నువ్వు వెనకాల ఉండావు. తప్పెట కొడతా ఉండారు, ఒప్పారి ఆడోళ్లు గుండెలు బాదుకుంటా ఉండారు. ఆయన పెండ్లాం సరోజ లేచి నేరుగా నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకునింది. "అక్కా, మీ అత్త పాట పాడు" అనింది. అది పెండ్లిది సరోజా, అన్నా. "తెలుసక్కా. పంపించే పాటే కదా. పంపించు" అనింది.

ఒక పెద్దాయన మొహం చిట్లించినాడు, ఇదేం ఆచారం అని. ఒప్పారి పాడే ఆమె ఒకామె ఆయన్ని ఆపింది. "పాడనీ. నన్నూ పాడించినాడు ఆ మనిషి" అని, తప్పెట వాళ్లకి చెయ్యి చూపించింది. తప్పెట ఆగింది. ఎదురుగా ఆయన. ముక్కులో, చెవుల్లో దూది పెట్టేసి ఉండారు. ఆ చెవుల్లో దూది నేను చూళ్లేకపోయినా, తల్లీ. ఇన్నేండ్లల్లో నేను ఆయన ముందర నోరు తెరిచి, ఆయన వినకుండా ఉండింది నిన్న ఒక్కటే. ఎట్ట పాడేది? తప్పు పాడితే ఎవురు చెప్తారు ఇంక?

పాడినా. ఎట్టో పాడినా. నువ్వు పోయే ఇల్లు నిండుగా ఉండాదయ్యా, ఖాళీ ఇంటికి పోవడంలా నువ్వు అని, ఆ మనిషికి చెప్పినా. వైతికుప్పం వాళ్లు తలకి చుట్టుకున్న తువ్వాళ్లు తీసి చేతిలో పట్టుకోని నిలబడి ఉండారు. సగం మందికి మాటే అర్థం కాలా. అయినా ఒక్కరు కదల్లా. సరోజ మాత్రం ఆయన తల పక్కన వంగి, అన్నం తిన్నాడా లేదా అని చూసినట్టు, మొహంలోకే చూస్తా ఉండింది.

అంతే. ఆపెయ్ ఇంక దాన్ని. కొంచెం వేన్నీళ్లు ఇయ్యి.

ఇట్ట రా. నిన్ను ఏమని దీవించాల, జ్యోతీ? గాదెలు మీకు వద్దు, పోసేదానికి వడ్లు లేవు. డబ్బు నువ్వే సంపాదించుకుంటావు. నువ్వు ఒక మాట అంటే, అందురూ తప్పు అన్నా, ఉండు, ఆమె ఏం చెప్తా ఉందో ఇంకో తూరి వింటా అనే మనిషి ఒక్కరు దొరకాల నీకు. ఒక్కరు చాలు. మా అత్తకి దొరికినాడు, నాకు దొరికినాడు... నీకూ దొరకాల, తల్లీ... దొరకాల...