చీజ్ గదికి టైల్సు

మాంటెనెగ్రోలో, కొలాషిన్ ఊరికి పైన కొండ మీద, తమ్ముడు చీజ్ కోసం పాలు కాస్తున్నాడు. రాజధానిలో చట్టాలు రాసే ఆఫీసులో పనిచేసే అక్క సెలవు పెట్టి వచ్చి, అతని చెక్కబల్ల మీద కూర్చుంది.

“లేవక్కా. వచ్చే ఏడాది నుంచి ఆ బల్ల మీద చీజ్ పెడితే నేరమట. నువ్వు కూర్చున్నా నేరమేనేమో!”

“వెటకారమా?”

“మరేంటి? గోడలకి టైల్సు, స్టీలు బల్లలు, నేలకి కాలవ. యూరప్ యూనియన్‌లో మన దేశం కలవాలంటే వాళ్ళ రూల్సు మన చట్టంలో రాసుకోవాలట. రాసింది మా అక్కేనట.”

“డబ్బులెలా మరి?”

“షారుల్యాని అమ్మేస్తున్నా.”

“దాన్నా! నీ ఆవుల్లోకెల్లా మంచిదిరా అది.”

“అందుకేగా కొంటున్నారు.”

“ఒరేయ్, నీలా కొద్దిగా చీజ్ చేసుకునేవాళ్ళకి చెక్కబల్లలు ఉండనివ్వొచ్చని యూరప్ వాళ్ళే రాశారు. ఆ వాక్యం మన చట్టంలో నేను పెట్టాను.”

“మరేమైంది?”

“మీవాళ్ళెవరైనా చీజ్ చేస్తారా అని మీటింగులో మా పైఅధికారి అడిగాడు. తమ్ముడున్నాడన్నాను. సొంతవాళ్ళ కోసం రాశావని నన్ను బయట కూర్చోబెట్టి, వాక్యం కొట్టేశారు.”

“ఎవరూ లేరనేస్తే పోయేదిగా! అక్కడెవడికి తెలుస్తుంది?”

“నాకు తమ్ముడు లేడని నా నోటితో ఎలా అననురా?”

అతను పాలు కలుపుతూ తల తిప్పి గోడల వైపు చూశాడు.

“అక్కా, టైల్సు తెల్లవే ఉండాలా?”

“అక్కర్లేదు. కడగడానికి వీలుంటే చాలు.”

“అయితే రేపు నాతో కొట్టుకి రా, రంగు నువ్వే ఎంచు. రోజూ వాటి మొహం చూస్తూ పనిచేయాల్సినవాణ్ణి. మా అక్క ఎంచిందైతే బావుంటుంది.”