గుంతలో నాగేశ్వరమ్మ

ఊరు టౌనులో కలిసిన ఏడాదికి నీళ్ల పైపు వచ్చింది. అది తమ కాలనీ దాకా వచ్చి, లోపలికి రాకుండా కొత్త ప్లాట్ల వైపు మళ్లుతోందని తెలిసి, నాగేశ్వరమ్మ జేసీబీ తవ్విన గుంతలోకి దిగి కూర్చుంది. ఇంజనీరు గట్టు మీద నిలబడ్డాడు.

“పైకి రామ్మా. పని ఆగిపోయింది.”

“ఆగనీ సార్. ఆ ప్లాట్లలో ఎవురుండారు? రాళ్లు పాతినారు, అంతే గదా. రాళ్లకు దప్పికవుతాదా?”

“మీ కాలనీకి రెండో విడతలో ఇస్తారు.”

“టౌనులో మాత్రం మమ్మల్ని మొదటి విడతలోనే కలిపినారే!”

“నా చేతుల్లో లేదమ్మా.”

“ఎవురి చేతుల్లో ఉండాదో వాళ్లకే ఫోన్ చెయ్యండి. నేను ఈడే ఉంటా.”

“పోలీసుల్ని పిలవమంటావా?”

“పిలవండి. ట్యాంకరు కాడ మేం కొట్టుకున్నప్పుడు ఒక్కరూ రాలేదు. ఇప్పుడన్నా మా వీధి చూస్తారు.”

కాలనీ ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆమె పక్కన దిగి కూర్చున్నారు. ఇంజనీరు దూరంగా వెళ్లి చాలాసేపు ఫోన్ మాట్లాడాడు. తిరిగొచ్చి జేసీబీ డ్రైవరుకు కాలనీ వైపు చెయ్యి చూపించాడు.

“మీ వీధికే తవ్వుతారు. ఇంక లెయ్యమ్మా.”

నాగేశ్వరమ్మ కదల్లేదు.

“ముందు తవ్వనీ సార్. మా ఇంటి ముందర మట్టి లేచినాక నేను లేస్తా.”