కొమ్ములు పట్టుకున్నది ఎవరంటే

గురజాల మేజిస్ట్రేటు గారి ఎదుట, 1986 మార్చి 21, శుక్రవారం.

నా పేరు రంగనాయకమ్మ. వయసు ఇరవై ఏడు. నరసరావుపేటలో ఉంటాను. ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుడతాను. నా భర్తకు పురుగుమందుల కొట్టు ఉంది. దుప్పి పొడిచింది నన్నే. ఈ కేసులో ఇప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. నేనే అర్జీ పెట్టుకున్నాను. రమ్మంటే ఈ ఉదయం బస్సెక్కి ఒంటరిగా వచ్చాను.

మార్చి 9, ఆదివారం, మాచర్లలో మా ఆడబిడ్డ గృహప్రవేశానికి వెళ్ళాం. భోజనాలయ్యాక నా భర్త, నేను ఊరి చివర ఉన్న జింకల వనం చూడబోయాం. మూడు గంటలై ఉంటుంది. అక్కడ బోనులు లేవు. మనుషులు నడిచే దారిలోనే దుప్పులూ జింకలూ తిరుగుతుంటాయి. ఒక ఆడ దుప్పి నా దగ్గరికొచ్చి పైటచెంగు వాసన చూసి వెళ్ళింది. నాకు చాలా సంతోషమైంది. ఆ మాట కూడా రాసుకోండి. ఎందుకంటే అక్కడి జంతువులు మనుషుల మీద పడతాయని ఫిర్యాదులో ఉందట.

తుమ్మచెట్టు కింద పెద్ద మగ దుప్పి మేస్తోంది. ఒక కొమ్ముకి ఎండుగడ్డి వేలాడుతోంది. నా భర్త కెమెరా నా చేతికిచ్చి దాని పక్కకి వెళ్ళాడు. కావలివాడు బాలకోటయ్య దూరం నుంచే చూసి కేకేశాడు.

"అయ్యా, కొమ్ముల జోలికి పోబాకండి. ఇయ్యి పెంపుడువి గావు."

"నీ పని నువ్వు చూసుకో. టికెట్టు కొనుక్కొని వచ్చాం."

"టికెట్టు చూడ్డానికయ్యా, పట్టుకోడానికి గాదు."

పక్కనున్న జనం నవ్వారు. నా భర్త ముఖం ఎర్రబడింది. రెండు చేతులతో రెండు కొమ్ములూ గట్టిగా పట్టుకొని దుప్పి తల పైకెత్తాడు. "ఏమే, కెమెరా సరిగా పట్టుకో. కొమ్ములు మొత్తం పడాల" అన్నాడు. నేను కెమెరాకు కన్ను ఆనించి చూస్తున్నాను. అది తల విదిలించుకుంది. ఆయన కొమ్ములు వదిలి పక్కకి దూకాడు. దానికి ఎదురుగా నేనున్నాను. కెమెరాలో అది చాలా దూరంలో ఉన్నట్టు కనిపించింది. అందుకే నేను కదల్లేదు.

కొమ్ము కుడిచేతిలో మోచేతి కింద దిగింది. కెమెరా కిందపడి మూత ఊడింది, రీలు పాడైంది. బాలకోటయ్య పరుగున వచ్చి కర్రతో నేలమీద కొట్టి దుప్పిని మళ్ళించాడు. దాన్ని కొట్టలేదు. తలపాగా విప్పి నా చెయ్యి బిగించి కట్టాడు. అంత దగ్గర కూర్చున్నా సారా వాసన రాలేదు. రిక్షా పిలిచి ఎక్కించింది కూడా ఆయనే. నా భర్త వెనక నిలబడి కెమెరా తుడుచుకుంటున్నాడు.

ఆసుపత్రిలో నాకు కుట్లు వేస్తుంటే బయట నా భర్త పోలీసులకు ఫిర్యాదు రాసిచ్చాడు. కావలివాడు తాగి పడుకున్నాడనీ, పొగరుబోతు దుప్పిని జనంలోకి వదిలాడనీ రాశాడు. నన్నెవరూ అడగలేదు. బాలకోటయ్యను పనిలోంచి తీసేసి స్టేషన్లో పెట్టారు. దుప్పిని కాల్చేయాలని కూడా నా భర్త అర్జీ పెట్టాడు.

మొన్న బాలకోటయ్య భార్య పోలమ్మ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మా అత్తగారు గుమ్మంలోనే ఆపి, "అమ్మాయి నిద్రపోతంది, పో" అంది. నేను కిటికీ దగ్గరే కూర్చొని ఉన్నాను. పోలమ్మ నన్ను చూసింది.

"అమ్మా, మా ఆయన తాగడమ్మా. ఏ రోజూ తాగడు. నీ చెయ్యి కట్టింది ఆయనేగా. నువ్వన్నా చెప్పవా?" అంది.

ఆ సాయంత్రం నా భర్తను అడిగాను.

"ఇప్పుడు ఏంది నీ బాధ? చెయ్యి పోలేదుగా" అన్నాడు.

"ఆ మనిషి పని పోయిందిగా."

"వాడు నన్ను పదిమందిలో నవ్వులపాలు చేశాడు."

"నేను గురజాల పోయి జరిగింది చెప్తా."

"పోతే ఇంక ఈ ఇంటికి రాబాక."

"వస్తా. చెప్పొచ్చి అన్నం వండుతా" అన్నాను.

దుప్పి తప్పు లేదు. బాలకోటయ్య తప్పు లేదు. దీనివల్ల నా భర్త మీద కేసు కావచ్చని అయ్యగారు రెండుసార్లు చెప్పారు. రెండుసార్లూ తెలుసన్నాను.

గుమాస్తాగారు రాసింది చదివి వినిపించారు. కొమ్ములు పట్టుకున్నచోట "ఒక సందర్శకుడు" అని రాసి ఉంది. అలా కాదు, మార్చమన్నాను. నా మీద దయతోనే రాశారని నాకు తెలుసు. అయ్యగారు "అయితే పేరు చెప్పమ్మా" అన్నారు. గుమాస్తాగారు కాగితం నా ముందుకు జరిపి, "ఆడవాళ్ళు మొగుడి పేరు పైకి చెప్పరుగా. ఎడంచేత్తో రాసినా చాల్లే తల్లీ" అన్నారు.

వద్దన్నాను. ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ పేరు నా నోటితో అనడం ఇదే మొదలు. హాల్లో అందరికీ వినపడేలా చెప్పాను.

"త్రికోటేశ్వరరావు."

మార్చిన కాగితం మళ్ళీ చదివించుకొని విన్నాను. ఎవరి బలవంతమూ లేకుండా నేను చూసింది చూసినట్టు చెప్పాను. ఇందులోది నిజం.

కుడిచేతికి కట్టు ఉన్నందున, రంగనాయకమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.