మబ్బును చుట్టచుట్టిన టన్నుల మామ

"దీనికింత భయం దేనికి పెద్దాయనా?" అంటూ టన్నుల మామ టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఆయన గ్లాసు కింద పెట్టాడంటే టన్నుల లెక్కన కోతలు మొదలయ్యాయని టీ కొట్టు అక్కకీ, పక్కనే కూర్చున్న వెల్డరుకీ తెలుసు.

ఐసు ఫ్యాక్టరీ పెద్దాయన మాత్రం శ్రద్ధగా ముందుకు వంగాడు. ఫ్యాక్టరీ మూసేశాడు. పాత యంత్రాన్ని ఎత్తించాలి. దాని కడుపులో ఇంకా అమ్మోనియా గ్యాసు ఉంది. ఆ పని నేర్చినవాళ్ళు వచ్చి చూసి, ముందు గ్యాసంతా సిలిండర్లలోకి లాగాలి, పైపులు శుభ్రం చెయ్యాలి, ఆ తర్వాతే విప్పుతాం, ఆ రోజుకి వెనక వీధంతా ఖాళీ చేయించండి అన్నారు. ఇంటింటికీ తిరిగి బతిమాలడం పెద్దాయనకి తలకొట్టేసినట్టుంది. మామేమో ఆ బాదరబందీ ఏదీ వద్దు, గంటలో నేనొక్కణ్ణే తేల్చేస్తానంటున్నాడు.

"ఇంతకీ ఎప్పుడైనా చేశావా ఈ పని?"

"భలేవారే! నా పెళ్ళికి ముందు ఒక కోల్డ్ స్టోరేజీలో చేసేవాణ్ణి. ఒకరోజు వాల్వు దగ్గర స్స్‌మని చప్పుడు. కళ్ళు మంటలు. అందరూ చెప్పులు కూడా వదిలేసి పరుగో పరుగు. నేను తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని, వెళ్ళి వాల్వు తిప్పేసి వచ్చాను. అంతే. ఇందులో గొప్పేం లేదు."

"ఇంతవరకూ బానే ఉంది," అన్నాడు వెల్డరు.

"ఇక్కడ ఆగితేగా," అంది అక్క.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మేనేజరు నా రెండు చేతులూ పట్టుకుని, ఈ యంత్రాన్ని నువ్వే సాగనంపాలి బాబూ అన్నాడు. ఐదొందల టన్నుల యంత్రం!"

"నిన్న మూడొందలన్నావు మామా?" అన్నాడు వెల్డరు.

"నిన్న గ్యాసు బరువు కలపలేదు అల్లుడూ! సరే, మొదట సిలిండర్లలో పట్టానా, అవి నిండాయి. అమ్మోనియాకి నీళ్ళంటే ప్రాణం, కనబడితే చాలు దూకేస్తుంది, అందుకని డ్రమ్ముల్లో నీళ్ళు పోసి పట్టానా, డ్రమ్ములూ నిండాయి. ఇక లాభం లేదని గొట్టం తీసుకెళ్ళి వెనకున్న చెరువులో పెట్టాను. చూస్తుండగానే చెరువు గడ్డకట్టింది! ఒక చేప అప్పుడే పైకెగిరింది పాపం, దిగుదామంటే కింద నీళ్ళు లేవు, గాల్లోనే ఆగిపోయింది. నేను చొక్కా విప్పి దానికి తగిలించి పని చూసుకున్నాను."

"చేప నీ చొక్కా మోసిందా తమ్ముడూ?"

"మధ్యాహ్నం దాకా మోసిందక్కా. ఇస్త్రీ కూడా చెడలేదు. అయినా గ్యాసు అయిపోలేదు! తెల్లటి మబ్బై ఊరి మీదికి బయల్దేరింది. నేను వెంటపడి, ఒక కొస దొరకబుచ్చుకుని, పరుపు చుట్టినట్టు చుట్టచుట్టి, తాడేసి బిగించి, సైకిల్ వెనక కట్టుకున్నాను. మండుటెండలో జనం దుప్పట్లు కప్పుకున్నారు. కూడలిలో పోలీసు నన్ను ఆపుదామని చెయ్యెత్తాడు, ఆ చెయ్యి అలాగే బిగుసుకుపోయింది. అది కరిగిందాకా ఒక్క బండి కదిలితే ఒట్టు!"

"మబ్బునేం చేశావయ్యా?" అన్నాడు పెద్దాయన.

"ఊరి బయట పొలంలో విప్పేశాను. అమ్మోనియా అంటే ఎరువే కదా! మొక్కజొన్న ఎంత ఎత్తు పెరిగిందనుకున్నారు? కంకులు కొయ్యడానికి క్యారేజీలు కట్టుకుని ఎక్కారు. ఒకాయన పైకి చేరేసరికి ఇక్కడ కూతురికి సంబంధం కుదిరింది. దిగొచ్చేసరికి మనవడు ఎదురెళ్ళి, 'తాతా, జాగ్రత్త, కాలు జారుతుంది!' అన్నాడు."

వెల్డరుకి పొలమారింది. పెద్దాయన మాత్రం నవ్వలేదు. అది చూసి, ఈయన నమ్మేస్తున్నాడని అక్కకి అర్థమైంది.

"మరి అంత బరువు యంత్రాన్ని ఎలా ఎత్తావు?"

"ఎత్తడం దేనికండీ! చెవి దగ్గరికి వెళ్ళి, అమ్మా, ఇన్నాళ్ళూ మమ్మల్ని చల్లగా చూశావు, ఇక పద తల్లీ అన్నాను. దూడలా నా వెనకే పాత ఇనుము కొట్టు దాకా నడిచొచ్చింది. సందు మలుపులో ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది చూడండీ, నాకే కళ్ళనీళ్ళు ఆగలేదు."

పెద్దాయన పెద్దగా నిట్టూర్చాడు. "కథ మాటెలా ఉన్నా, ధైర్యం ఉన్నట్టే ఉంది. వీధివాళ్ళ కాళ్ళావేళ్ళా పడడం నా వల్ల కాదయ్యా. రేపు పొద్దున్నే వచ్చెయ్, తాళం తీసి ఉంచుతాను."

అక్క టీ వడగట్టడం ఆపేసింది. "పెద్దాయనా, ఒక్కమాట. మీ గోడకి ఆనుకుని ఉన్నది ఈ తమ్ముడి ఇల్లే."

"అదే నేననేది!" అంటూ మామ లేచి నిలబడ్డాడు. "ఆ గోడ పక్కనే మా ఆవిడా పిల్లలూ ఉంటారు. వాళ్ళని అంగుళం కదపను! ఇంతకంటే హామీ ఏం కావాలి?"

"నువ్వు కదపక్కర్లేదు తమ్ముడూ, వాళ్ళే కదిలారు. ఇందాక నువ్వు రాకముందు మీ ఆవిడ పిల్లల్ని వెంటేసుకుని, కోళ్ళని బుట్టలో పెట్టుకుని బస్సుకి పోతోంది. ఎక్కడికమ్మా అన్నాను. 'పెద్దాయన మా ఆయన మాట నమ్మేట్టున్నాడు వదినా, ఆ పనేదో అయ్యేదాకా మా పుట్టింట్లో ఉంటాం' అంది."

మామ బల్ల మీది గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

పెద్దాయన ఫోన్ తీశాడు. "బాబూ, మీ సిలిండర్లూ మాస్కులూ అన్నీ తెచ్చుకోండి. వీధి ఖాళీ చేయించడానికి ఇప్పుడే బయల్దేరుతున్నా. ఆ, మొదలైపోయింది. గోడ పక్కిల్లు కోళ్ళతో సహా ఖాళీ."