అన్నమ్మగారి తెల్లచీర

ఒక మాట అడుగుతాను, తెలిస్తే చెప్పండి. బొమ్మకు మొగుడుంటాడా?

నవ్వొద్దు ఇన్నాసీ. లూర్దూ, నువ్వు పెద్దదానివి, నువ్వు చెప్పు. సున్నం, ఇసుక, బెల్లం నీళ్లు కలిపి గారతో చేసిన బొమ్మ. దాని మొగుడు బతికుండాడా, పోయినాడా అని మన గుడివాళ్లంతా తలలు పగలగొట్టుకుంటా ఉండారు. వినీ వినీ నాకు ఓపిక పోయింది.

మీ అమ్మ పొద్దున్నే తలంటుకోని, పట్టుచీర కట్టుకోని గుడికి పోయింది, చూసినారు కదా. రేపు అన్నమ్మగారి పండగ. ఈరోజు ఆమెకు చీర కట్టాల. ఏటేటా కట్టేది నేను. ఈసారి ఎందుకు పోలేదని ఇందాకటినుంచి నా కొంగు పట్టుకోని అడగతా ఉండారే, అది చెప్తాను. కూర్చోండి. మధ్యలో లేవకూడదు.

ముందు, అన్నమ్మగారు ఎవరు? మరియమ్మ తల్లి. అట్లయితే ఏసుస్వామికి ఏమవుతుంది? ఆఁ, అవ్వ. మీకు నేనెట్లనో ఆయనకు ఆమె అట్ల.

మన గుడిలో పీఠానికి ఎడమపక్క చిన్న గది ఉండాది కదా, అన్నమ్మ గది. నేను టీచరుగా ఈ ఊరికి వచ్చినప్పుడు అది వట్టి గోడలు. అప్పుడుండిన ఫాదరు తెల్లాయన. మంచాయన. తెలుగు కూడబలుక్కోని మాట్లాడేవాడు. వాళ్ల సీమనుంచి బొమ్మ తెప్పించే స్తోమత లేక, పుత్తూరునుంచి ఏకాంబరాన్ని పిలిపించినాడు. ఏకాంబరం గుడిగోపురాల మీద బొమ్మలు చేసేవాడు. ఆయనకు మన పునీతులు తెలియదు, చెయ్యడం తెలుసు.

తెలిసినట్లే చేసినాడు. పైకప్పు నడుమ పద్మం, చుట్టూ చిలకలు. రెండు స్తంభాలకు సింహం మాదిరి యాళి మొగాలు. వెనకగోడ నిండా మామిడితోపు, తోపులో ఆవు. ఆవెందుకని ఫాదరు అడిగితే, "ఆడబిడ్డ పుట్టిన ఇంట్లో పాడి లేకుండా ఎట్ల సామీ?" అన్నాడంట. ఫాదరు నవ్వి ఊరుకున్నాడు. రంగులంటే ఏమి, నీలిమందు, జేగురు, దీపపుమసి, సున్నం. అంతే. వాటితోనే ఆ గదిలోకి పోతే చల్లగా ఉండేది కంటికి.

బొమ్మను కూర్చోబెట్టి చేసినాడు. మోకాలి పక్కన బిడ్డ మరియమ్మ, రెండు జడలు. తల్లి చేతిలో పలక. తల్లి వేలు పెట్టి చూపిస్తా ఉంటే బిడ్డ చదవతా ఉంటుంది.

రంగు వేసే ముందర ఏకాంబరం ఒక ప్రశ్న అడిగినాడు. మనవాళ్లు ఎవరైనా అడిగేదే. "సామీ, ఈ తల్లికి పెనిమిటి ఉండాడా?" చీర ఏ రంగో తెలియాల కదా. బొట్టు పెట్టాలా, గాజులు తొడగాలా తెలియాల కదా. ఆ ప్రశ్నలో ఇంత ఉండాదని ఫాదరుకు ఏం తెలుసు? "ఆమె భర్త యోవాకీముగారు ఎప్పుడో చనిపోయినారు" అన్నాడు. బైబిలు కాలపు మనుషులు ఎవరు మిగిలినారని? ఏకాంబరం అయ్యో పాపమనుకోని సున్నపు తెలుపు కలిపినాడు.

తెల్లచీర. వట్టి నుదురు. వట్టి చేతులు. మెడలో ఏమీ లేదు.

కళ్లు దిద్ది, తెర తీసినరోజు ఆడవాళ్లంతా పూలు, పసుపు కుంకుమ తీసుకోని వచ్చినారు. వచ్చినవాళ్లు గడపలోనే నిలబడిపోయినారు. పెళ్లీడు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. "బిడ్డల్నిచ్చే తల్లంటిరే, ఈమెకే అయిదోతనం లేదే" అనింది ఒకామె. పాపం ఫాదరు, ఏం జరిగిందో తెలియక వెనక్కి పోయేవాళ్లందరికీ నమస్కారం పెడతా ఉండాడు.

మనం బాప్తీస్మం తీసుకోని మూడు తరాలాయె. మతం మార్చుకున్నాం. ఎదురొచ్చే విధవను చూసి గడపలో ఆగేది మాత్రం మార్చుకోలేదు.

ఆ ఏడే మీ తాత పోయినాడు. విషజ్వరం. మీ నాయన ఇంకా చంకబిడ్డ. ఆదివారం గుడికి పోయి బెంచీలో కూర్చుంటే, పక్కనున్నవాళ్లు ఒక మాటా అనరు. కొంచెం జరిగి కూర్చుంటారు, అంతే. నేను అక్షరాలు నేర్పించిన పిల్లల పెళ్లిళ్లకే, తాళి కట్టేదాకా స్తంభం చాటున నిలబడినాను.

ఒక మధ్యాహ్నం, ఎవరూ ఉండరని ఆ గదిలోకి పోయినాను. తలెత్తి చూస్తే ఆమె నా మాదిరే ఉండాది. నా మాదిరే బోడిమెడ. నా మాదిరే పలక పట్టుకోని పాఠం చెప్తా ఉండాది. ఏడ్చినానా అంటే, లేదు. పక్కన కూర్చున్నాను. ఆమె జరగలేదు.

తర్వాత నా మాదిరి మొగుడు పోయినవాళ్లు ఒక్కొక్కరే వచ్చినారు. పూలంగడి నాగులమ్మ మన మతం కూడా కాదు. "మీ అన్నమ్మ మాబోటోళ్లను చూసి మొగం తిప్పుకోదంట కదా" అని మరువం బుట్టతో వచ్చింది. పండగకు చీర కట్టాల్సి వస్తే, విధవ బొమ్మను ముట్టుకునేదానికి ముత్తైదువలు ముందుకు రాలేదు. వాళ్లు వద్దనుకున్నందుకే ఆ పని మాకు దొరికింది. నగరి మగ్గాల తెల్లచీర తెచ్చేవాళ్లం. అన్నమ్మగారికి మరువంమాల. మల్లెపూలన్నీ బిడ్డ మరియమ్మ జడలకు. మేము పెట్టుకునేదానికి లేదు కదా, ఆ బిడ్డకే పెట్టి మురిసిపోయేవాళ్లం.

ఇప్పుడొచ్చిన ఫాదరు చదువుకున్న పిల్లోడు. పునీతులు మన దేశపు మనుషుల మాదిరి కనపడాలంటాడు. మంచిమాటే. కమిటీవాళ్లు, "అయితే ముత్తైదువగా రంగు వేయిద్దాం ఫాదర్" అన్నారు. మీటింగులో ఆయన నా పక్క తిరిగి, "టీచరమ్మా, మీరు చెప్పండి, అన్నమ్మగారు విధవరాలేనా?" అన్నాడు. ఉన్నదే చెప్పినాను. "బైబిలులో ఆమె పేరే లేదు ఫాదర్. మొగుడి సంగతి ఎవరు రాస్తారు?"

కమిటీ పెద్ద భార్య ఉండాదే, ఆరోగ్యమ్మ, "రాయలేదు కదా, అయితే మంచిదే అనుకుందాం" అనింది. అందరూ నవ్వినారు. "ఎట్లున్నా ఇన్నేండ్లు మమ్మల్ని చూసుకునింది, ఉండనీయండి" అన్నాను. "ఆమె అందరికీ తల్లి కావాల కదా టీచరమ్మా" అన్నాడు ఫాదరు, మెల్లగానే. అందరిలో మేము లేమని ఆయన అనలేదు. ఆయనకు తోచలేదు, అంతే.

తిరుపతినుంచి సినిమాబోర్డులు రాసే దేవరాజులు వచ్చినాడు. డబ్బాల రంగు. ఆకుపచ్చ చీర, రూపాయంత బొట్టు, పుస్తెలు, బుగ్గలకు గులాబీరంగు. బస్టాండు దగ్గర బోర్డులో ఆమె మాదిరి ఉందని నువ్వన్నావు ఇన్నాసీ, మీ నాయన కసిరినాడు. నువ్వు చూసిందే చెప్పినావు. చిలకలు యాడ అంటావా? పైకప్పంతా నీలంరంగు కొట్టినారు. పలకను కూడా ఉండనీయలేదు. దాన్ని కుంకుమపళ్లెం చేసినారు. ఇప్పుడు ఆ తల్లి బిడ్డకు చదువు చెప్పడం లేదు, బొట్టు పెట్టుకోమంటా ఉండాది.

నిన్న సాయంత్రం ఆరోగ్యమ్మ మన ఇంటికి వచ్చింది. "టీచరమ్మా, అన్నమ్మగారు ఇప్పుడు ముత్తైదువ కదా. ఈ ఏటినుంచి చీర కట్టేది మేము చూసుకుంటాం. మీకెందుకు శ్రమ. పండగనాడు ముందు బెంచీలో కూర్చోండి" అనింది. మీ అమ్మను రమ్మనింది. మీ అమ్మ నా మొగం చూసి, "అత్తా, పోయేదా వద్దా?" అంటే, పో అన్నాను. వద్దంటే రేపు దాన్ని కూడా జరిపి కూర్చోబెడతారు. బొమ్మ ఎడమచెయ్యి బిడ్డ భుజానికి అతుక్కోని ఉంటుంది, కొంగు లాగొద్దు, గార ఊడుతుంది అని చెప్పి పంపించినాను.

ఇందాక వీధిలో నాగులమ్మ పోతా ఉండింది, మరువం బుట్ట నెత్తిన పెట్టుకోని. గుడికాడ వద్దన్నారంట. "టీచరమ్మా, ఇంక యాడికి పోయేది మనం?" అనింది. "ఎండగా ఉండాది, ఇంటికి పో నాగులమ్మా" అన్నాను.

ఏం లూర్దూ? రేపు ముందు బెంచీలో కూర్చుంటానా అంటావా? కూర్చుంటాను తల్లీ. నా ఒక్కదానికే బెంచీ అంతా ఇస్తారు. ఎవరూ జరగాల్సిన పని కూడా ఉండదు.

సరే, లేవండి. ఆరోగ్యమ్మ పోతాపోతా పీఠం గుడ్డలు నా చేతికిచ్చి పోయింది, "గంజి మీరు పెట్టినట్లు ఎవరూ పెట్టలేరు" అని. చీర కట్టేదానికి ముత్తైదువ చెయ్యి కావాలంట. ఉతికేదానికి ఏ చెయ్యైనా పరవాలేదంట.

దారి వదలండి. గంజి చల్లారితే మీగడ కడుతుంది, గుడ్డకు అంటుకుంటే వదలదు. పోయి గుడ్డలు ముంచి, పిండి, ఆరేసి వస్తాను.