తగ్గిన రెండున్నర కిలోలు

ఇంకో డైట్ చార్టా మేడం? ఇవ్వండి, ఇవ్వండి. మా వంటింటి గోడ ఇంకో జానెడు ఖాళీగానే ఉంది, అక్కడ అంటించేస్తాను. మిగతా గోడంతా మీ చేతిరాతే కదా!

ఏంటీ? మా ఆవిడకి నేను సరిగ్గా తిండి పెట్టట్లేదా? నేనా? అబ్బబ్బా, ఎంత మాటన్నారండీ! పొద్దున ఆరింటికి లేచి ఓట్స్ ఉడికించేది ఎవరనుకుంటున్నారు? గుడ్లు ఒలిచేదెవరు? ముప్ఫై ఏళ్ళుగా కత్తెర పట్టిన చెయ్యి మేడం ఇది. కోటు కుట్టాలంటే మా వీధిలో నా తర్వాతే ఎవరైనా. ఇప్పుడా చెయ్యి ఏం కోస్తోందో తెలుసా? బీన్స్. పాలకూర. ఇంకా మీరు రాసిన ఆ ఆకుపచ్చ కాలీఫ్లవరు లాంటిది, దాని పేరు నాకు నోరు తిరగదు, కూరగాయలావిడకి వేలెట్టి చూపిస్తాను.

మొదటిరోజు ఈ గదిలో కూర్చున్నప్పుడు నాకు నవ్వొచ్చింది, నిజం చెప్తున్నా. మా ఆవిడ ఇరవై ఏళ్ళ సర్వీసున్న నర్సు. నడుం నొప్పికని మొదలెట్టిన ఇంజెక్షను మత్తు కింద మారి, రెండేళ్ళలో మనిషిని పీల్చి పిప్పి చేసేసింది. మత్తు మాన్పించే మీ కేంద్రంలో నలభై రోజులుంచుకున్నారు. ఇంటికి పంపేటప్పుడు ఏదో గొప్ప మందు రాసిస్తారని నేను చేతులు కట్టుకుని నిలబడితే, మీరు రాసిందేంటి? గుమ్మడి గింజలు!

పెద్ద డాక్టరుగారేమో ఇది మానడానికి గుండె ధైర్యం కావాలన్నారు. మీరేమో ఐరన్ కావాలన్నారు. సరే, గుండె ఎక్కడ దొరుకుతుందో నాకు తెలీదు, గింజలైతే సందు చివర దొరుకుతాయి. తెచ్చాను.

మా అత్తగారు ఆ చార్టు చదివి, "అల్లుడుగారూ, ఇది మా అమ్మాయికా, మేకకా?" అన్నారు. ఆవిడకి ఏం చెప్పాలి?

పైగా మూడు గంటలకోసారి ఏదో ఒకటి తినాలన్నారు. ఫోన్లో అలారం పెట్టుకున్నాను. కస్టమరు అద్దం ముందు నిలబడి ఉంటాడు, నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకుని నేను ప్యాంటు అంచు మడుస్తుంటాను, సరిగ్గా అప్పుడే మోగుతుంది. "ఏంటది?" అంటాడాయన. "మా ఆవిడ అరటిపండు టైమండీ" అంటాను సూదుల్లోంచే. వీధిలో అందరూ నాకు పేరు కూడా పెట్టేశారు, అలారం టైలరని. మీ దయే!

ఆఁ, నవ్వండి, నవ్వండి.

మొదటి పదిరోజులూ ఆవిడ పంచదార డబ్బా పట్టుకుని తిరిగింది. చెంచాతో తినడం! మీకు ఫోన్ చేశాను, గుర్తుందా? మత్తు పోయినచోట మనసు తీపి మీదకి లాగుతుంది, తిట్టకండి, డబ్బా దాచకండి, కడుపు ఖాళీగా ఉంచకండి చాలు, ఆకలేస్తే చిరాకు, చిరాకేస్తే పాత దారి గుర్తొస్తుంది అన్నారు. ఆహా, ఎంత బాగా చెప్పారండీ, కడుపులో నాలుగు పప్పుగింజలు పడితే బుద్ధి దానంతటదే కుదురుతుందన్నమాట అనుకున్నాను. ఫోన్ పెట్టేసి మిమ్మల్ని తిట్టుకున్నాను కూడా.

మరేం చేస్తాం, మీరు చెప్పిందే అయ్యింది. డబ్బా అరలోకి వెళ్ళిపోయింది. ఆవిడ చేతి వణుకు తగ్గింది. పగలు కూర్చునే కునికిపాట్లు పడటం పోయింది.

ఒకరోజు సూప్ పెట్టాను. ఒక చెంచా తాగి కింద పెట్టేసింది. "ఇందులో ఉప్పెవరు వేస్తారు, మీ తాతగారొచ్చి వేస్తారా?" అంది. రెండేళ్ళుగా ఏది పెట్టినా అదేంటో చూడకుండా మింగిన మనిషండీ! ఉప్పు డబ్బా తెస్తానని వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. నన్నెవరైనా తిడితే అంత సంతోషం వేస్తుందని నాకప్పుడే తెలిసింది.

మూడు నెలల్లో ఎనిమిది కిలోలు పెరిగింది. మీ మెషీను చెప్పక్కర్లేదు నాకు. టేపు కూడా అక్కర్లేదు. మనిషి గడప దాటి లోపలికొస్తుంటే నడుం దగ్గర అర అంగుళం తేడా ఉన్నా చెప్పేస్తాను. అదేం గొప్ప కాదు, వృత్తి అలాంటిది.

అవునండీ, ఈ తొమ్మిది రోజుల్లో రెండున్నర తగ్గింది. చూశాను. నా కళ్ళ ముందే కదా మెషీను ఎక్కించారు. ఏమోనండీ, చెప్పులు విప్పించారు కదా, చెప్పుల బరువేమో!

సరే, వేళాకోళం చాలు. వద్దు, అలా కాగితం మీద ఏదీ రాయకండి ముందే. ఏం అడుగుతున్నారు? మళ్ళీ మొదలెట్టిందా అనా?

లేదు. ఆ మాట అనకండి మేడం. రక్తపరీక్షకి పంపించారుగా, రానివ్వండి, చూసుకోండి. అందులో ఏమీ ఉండదు. ఒకటో తారీఖునించి డ్యూటీలో చేరమని ఆసుపత్రివాళ్ళు ఉత్తరం రాశారు. మందుల గది వైపు కాదు, రికార్డుల గదిలో. ఆ కాగితం దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది. మీరిప్పుడు 'అనుమానం' అని ఒక్క ముక్క రాస్తే ఆ ఉత్తరం చించి పారేస్తారు వాళ్ళు. ఆవిడ తప్పు లేదిందులో.

నాది.

ఏంటి? అర అంగుళం తేడా కూడా తెలిసేవాడికి, ఆ రెండేళ్ళూ మనిషి సగమైపోతుంటే తెలీలేదా అంటారా?

అబ్బ! ఇన్నాళ్ళూ క్యారెట్ల గురించి అడిగి అడిగి, ఇవాళ అడిగారండీ అసలు ప్రశ్న.

తెలుసు. ఎందుకు తెలీదు? మొదటి ఏడాది చివర్లో యూనిఫాం చొక్కా తెచ్చి, "వదులైంది, కాస్త బిగించండి" అంది. ఒకటిన్నర అంగుళం. బిగించాను. నాలుగు నెలలకి మళ్ళీ తెచ్చింది. మళ్ళీ బిగించాను. ఆ తర్వాత మూడోసారీ అంతే. చేతుల మీద ఆ ఇంజెక్షను మచ్చలు చూశాను, పొడుగు చేతులు పెట్టమంటే పెట్టాను. ఎందుకని అడగలేదు. అడిగితే చెప్పేస్తుందేమోనని భయం. చెప్తే ఉద్యోగం పోతుంది, వీధిలో తల ఎత్తుకోలేం, మా అత్తగారికి ఏం చెప్పాలి... ఇవీ నా లెక్కలు.

ఎంత నీటుగా బిగించానంటే, మనిషి ఎముకల గూడైనా చొక్కా మాత్రం ఒంటికి అచ్చు గుద్దినట్టుండేది. "నీ యూనిఫాం భలే నప్పింది, ఎవరు కుట్టారు?" అని వార్డులో తోటి నర్సులు అడిగారట. ఇంటికొచ్చి చెప్తే నాకు గర్వం వేసింది. గర్వం మేడం! నాలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడు చెప్పండి?

చివరికి డ్యూటీలో కళ్ళు తిరిగి పడిపోతే వాళ్ళే కనిపెట్టి మీ దగ్గరికి పంపారు. నేను కాదు. నేనైతే నాలుగోసారి బిగించేవాణ్ణే.

ఉత్తరం వచ్చిన రోజు పరుగెత్తుకెళ్ళి ఆ చొక్కా తీసింది. వేసుకుంటే బొత్తాలు పట్టలేదు. ఎంత నవ్విందో! "మీ డైటీషియనమ్మ నన్ను పీపా చేసేసింది, కుట్లు విప్పి వదులు చెయ్యండి" అంది. ఇలా ఇవ్వు, కొత్తది కుట్టేస్తాను అన్నాను. అంటూనే చొక్కా లాక్కోబోయాను. అదే నా బుద్ధి తక్కువ. ఎందుకంత కంగారని చొక్కా తిరగేసింది.

లోపల మూడు వరసలు పాత సూది చిల్లులున్నాయి. ఒక్కొక్క వరసే వేలితో తడిమింది. నెమ్మదిగా, నాడి చూసినట్టు.

"అయితే మీకు మొదట్నించీ తెలుసు" అంది.

అంతే. అరిచినా బాగుండేది. చొక్కా మడిచి పెట్టేసింది. ఆ పూటనించి ఈ తొమ్మిది రోజులూ మీ చార్టు ప్రకారం అన్నీ వండి పెడుతున్నాను, ఒక్కటి తప్పట్లేదు. ఎదురుగా కూర్చుంటుంది. రెండు చెంచాలు తిని చాలంటుంది. ఉప్పు ఎక్కువైనా అనదు, తక్కువైనా అనదు.

కాబట్టి పాలకూర తప్పేం లేదండీ. కావాలంటే అది రాసుకోండి.

ఏంటీ, ఇప్పుడైనా ఆవిడతో కూర్చుని మాట్లాడమంటారా? మాట్లాడతాను. భయపడ్డాను, క్షమించు అంటాను. వింటుంది. నర్సు కదా, భయపడేవాళ్ళని చాలామందినే చూసింది.

కానీ ఇంకొకటి ఉంది. అది ఆవిడింకా అడగలేదు. మీకు కుట్టుపని తెలీదు కదా, చెప్తాను. మనిషి చిక్కితే చొక్కా బిగిస్తాం గానీ, లోపల మిగిలిన గుడ్డ కత్తిరించం. మడిచి ఉంచేస్తాం. రేపు మళ్ళీ ఒళ్ళు చేస్తే కుట్టు విప్పి వదులు చెయ్యాలిగా! మొదటి రెండుసార్లూ అలాగే ఉంచాను. మూడోసారి బిగించినప్పుడు మాత్రం ఆ గుడ్డంతా కత్తిరించి పారేశాను. అందుకే ఇప్పుడు విప్పినా లాభం లేదు, లోపల ఏమీ లేదు.

ఉబ్బెత్తుగా కనబడుతోందని కత్తిరించానని చెప్పొచ్చు. నమ్ముతుంది కూడా. అబద్ధాలు బాగానే బిగిస్తాన్నేను.

మీకు మాత్రం నిజం చెప్తున్నా. ఇంక ఈ మనిషికి ఆ గుడ్డతో పని పడదు అనుకునే కత్తిరించాను మేడం.