టైర్ల కొట్టు పేర్లు నడిచొచ్చిన వైనం

పది గంటలకి కంప్యూటర్ల కంపెనీ వ్యాను వస్తుంది. నా మందుల కొట్టులోని ఇరవై రెండేళ్ల కార్డులు పట్టుకెళ్లి, వాళ్ల యంత్రంలోకి ఎక్కించి, కాగితాలు పారేస్తారట. ఎవరికి ఏ మందు, ఎంత మోతాదు, ఎవరికి ఏది పడదు, అన్నీ వాటిలోనే. మొదటి కార్డు మా అబ్బాయి దరీయోది. మూర్ఛ మందు.

ఒప్పందం మీద సంతకం ఇంకా పెట్టలేదు. ఎలీహియో టైర్ల కొట్టులోనూ ఆ కంపెనీ కంప్యూటర్లే. పెట్టొచ్చా అని అడుగుదామని వెళ్లాను. కొట్టు ముందు నలుగురు కూర్చున్నారు. తెరెరే అనే చల్లటి ఆకు పానీయం ఉన్న కొమ్ముగిన్నె చేతులు మారుతోంది.

"భయమా, న్యా ఫెర్మీనా?" అన్నాడు ఎలీహియో, అందరిలాగే నన్ను గౌరవంగా 'న్యా' అని పిలుస్తూ. "నన్నడుగు! పోయిన నెల ఆ కంపెనీ వద్దు, ఇంకోడి దగ్గరికి పోతానన్నా. అంతే, నా కంప్యూటరుకి తాళం పడింది. నా కొట్టుకొచ్చేవాళ్ల పేర్లు నాకివ్వండ్రా అంటే, మా యంత్రంలో ఉన్నాయి గనక మావే అన్నారు. ఊరుకుంటానా? ఒక్క దగ్గు దగ్గా. తాళం సగం ఊడింది."

"దగ్గుకే?" అన్నాడు మంగలి నికనోర్.

"సగమే అన్నాగా! మిగతా సగానికి రాజధాని అసున్సియోన్ వెళ్లా. ఆ కంపెనీది నలభై అంతస్తుల మేడ. గోడలోంచి ఓ తీగ పట్టుకుని లాగా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మేడ నడుం వంచి నా పేర్లన్నీ వీధిలోకి కక్కింది! మూడు వేలు!"

"మన ఊళ్లో మూడు వేల బళ్లెక్కడివయ్యా?" అన్నాడు నికనోర్.

"పక్కూళ్లవీ కలిశాయి, ఏం చెయ్యను! బాతుపిల్లల్లా నా వెనకే నడిచాయి. తెబిక్వారి నది దగ్గర ఆగాయి, ఈత రాదు పాపం. మొసళ్లని పిలిచి, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పడుకోండర్రా అన్నా..."

అందరూ విరగబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"అన్నీ ఇంటికొచ్చాయిగా? మరి నిన్న నోటుపుస్తకం పట్టుకుని మా గుమ్మం ఎక్కి, 'మీ బండికి ఏ సైజు టైరు వేశానమ్మా' అని మా ఆవిణ్ణి ఎందుకడిగావు?" అన్నాడు నికనోర్. "వీధంతా అడిగావట."

గిన్నె ఎలీహియో చేతిలోనే ఉండిపోయింది.

"ఒక్క పేరైనా ఇచ్చారా?" అడిగాను.

తల అడ్డంగా ఊపాడు. "నావి టైర్లు, న్యా ఫెర్మీనా. ఇల్లిల్లూ తిరిగి అడుక్కున్నా ఎవరూ చావరు. నీవి..."

మిగతాది వినలేదు.

వ్యాను వచ్చేసరికి కార్డుల పెట్టె మీద కూర్చుని ఉన్నాను. "కాస్త లేవండమ్మా" అన్నారు వ్యాను వాళ్లు.

లేవలేదు.